చూసినది, అనుకున్నది

ఆదివారం పొద్దున చికెన్ దుకాణం ముందు నిలబడి ఉన్నాను. వనపర్తిలో మా వీధి చివర ఉన్న దుకాణమే. దుకాణదారు కోడిని చీల్చి, కందనకాయ తీసి బల్ల మీద పెట్టి, దానికి పైన అంటుకుని ఉండే వేలెడంత మెత్తటి సంచిని తెంపి చెత్త బకెట్‌లోకి విసరబోయాడు.

"ఆగు ఆగు. గది జర నిలువున కొయ్యి" అన్నాను.

"ఏంది సారు, గది ఎవ్వరు తినరు గద?"

"తిననీకి గాదు. సూడనీకి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. నా వెనక నిలబడ్డవాళ్లను చూశాడు. నాకు ఏదో అయిందని నిర్ణయానికి వచ్చి, కోశాడు. లోపలి పొర తెల్లగా, శుభ్రంగా ఉంది. అక్కడ ఎర్రటి రక్తపు చుక్కలు ఉంటే కొక్కెర తెగులు వచ్చిన కోడి అని అనుమానించాలి. లేవు. "సరే, ముక్కలు కొట్టు" అన్నాను. కోళ్ల జబ్బుల ల్యాబులో అటెండర్‌గా చేరి అటెండర్‌గానే రిటైరైన మనిషికి ఆదివారం కూర కూడా పోస్టుమార్టమే. ఈ రోగం నాకు అంటించిన డాక్టరమ్మ ఒకామె ఉండేది. ఆమె ముందు రోజు పోయిందన్న కబురు అదే దుకాణం ముందు, కూర సంచి చేతికి వచ్చేలోపే, ఫోన్‌లో చూశాను.

ఇంటికి చేరేసరికి మా రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపు దండలతో, దీపాలతో నిండిపోయింది. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవారని ఒకరు రాశారు. అందరినీ సొంత పిల్లల్లా చూసుకునేవారని ఇంకొకాయన. చచ్చినవాడి కళ్లు చేరెడు అని ఊరికే అనలేదు. ఆమె చిరునవ్వుతో ఉండగా నేను చూసింది తక్కువ. ఇక ఆ సొంత పిల్లల ఆయన సంగతి. ఒకసారి షెడ్డుకు పోకుండానే అక్కడి కోళ్లన్నీ బాగున్నాయని రాసి పంపినందుకు, నడి ఎండలో ఆయన్ని బస్సెక్కించి ఆ షెడ్డుకే పంపింది ఆమె.

సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "ఆమెతోని ఎక్కువ రోజులు చేసింది నువ్వే గదన్నా. గురువారం సంతాప సభ పెడ్తున్నం. సదవనీకి నాలుగు ముక్కలు రాసియ్యి. జర మంచిగ రాయి."

మంచిగా రాయడం ఎట్లాగో నాకు తెలియదు. కాగితం తీసుకుని మధ్యలో నిలువు గీత గీశాను. ఎడమ పక్క 'చూసినది' అని, కుడి పక్క 'అనుకున్నది' అని పెట్టాను. అది నా తెలివి కాదు, ఆమె పద్ధతి.

ల్యాబుకు ఏ కోడి వచ్చినా అచ్చు వేసిన ఫారం పక్కన పడేసి, తెల్ల కాగితం మీద గీత గీసేది. ఎడమ పక్క కంటికి కనిపించింది మాత్రమే రాయాలి. తొడ కండ మీద ఎర్ర గీతలు, రెట్ట ఆకుపచ్చ, మెడ ఎడమకు తిరిగి ఉంది, ఇట్లా. కుడి పక్క అది ఏమై ఉంటుందని మనం అనుకుంటున్నామో అది. కొత్తగా చేరిన కుర్ర డాక్టరు ఒకాయన ఎడమ పక్కన 'కొక్కెర తెగులు కనిపించింది' అని రాశాడు.

"హౌదా?" అంది ఆమె. "కొక్కెర తెగులు కనిపించిందా నీకు? ఎట్లుందయ్యా అది? రంగేంది? కాళ్లెన్ని?"

అతను కాగితం మార్చాడు.

గద్వాల దాటి రాయచూరు తొవ్వలో ఏదో ఊరు ఆమెది. మాటల్లో కన్నడం కలిసేది. 'హౌదా' అంటే 'అవునా' అని. ఆ ఒక్క మాటతో ఆమె సగం ఉద్యోగం చేసిందనిపిస్తుంది నాకు. నీళ్లలోనే ఏదో ఉందని రైతు అంటే, హౌదా? మా మందు వాడితే వైరస్ దరిదాపుల్లోకి రాదని మందులు అమ్మే అతను అంటే, హౌదా? అందులో వెటకారం ఉండేది కాదు. కళ్లెత్తి చూసేది, అంతే. విన్నవాడు తాను అన్నమాటను ఒకసారి లోలోపల తిప్పి చూసుకునేవాడు. మందులు అమ్మే అతను మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మాకు మేడం, ఊళ్లలో కోళ్ల డాక్టరమ్మ. ఆ రెండూ చాలు.

చచ్చిన కోడి కంటే బతికున్న కోడి దగ్గరే ఆమెకు ఎక్కువ సేపు పట్టేది. షెడ్డులోకి పోయి గోడకు ఆనుకుని కింద కూర్చునేది. కోళ్లు బెదిరి దూరంగా జరిగేవి. కాసేపటికి అలవాటు పడి ఒక్కొక్కటే దగ్గరికొచ్చి ఆమె రబ్బరు బూట్లను పొడిచేవి. ఏవి రావడం లేదో వాటిని చూసేది. "వచ్చి పొడిసేదానికి ఏం గాలే. రానిదాని లోపల ఏందో అయితుంది" అనేది. రానిదాన్ని పట్టి తెచ్చేది. దాని ప్రాణం తీశాక, కోసే ముందు, సబ్బునీళ్లలో ముంచాలి. ఈకలు ఎగరకుండా, వాటి మీది దుమ్ము గాలిలో కలవకుండా. ఆ పని నాది. "తానం అయిందా?" అని అడిగేది. అయిందంటేనే కత్తెర పట్టేది.

రైతులకు రెండే ప్రశ్నలు. ఏం రోగం, ఏం మందు. ఆమెకు మూడోది ఉండేది.

"ఎట్ల సచ్చింది?"

"సచ్చింది మేడం. ఎట్ల సస్తే ఏంది?"

"గట్ల కాదు. వైరస్ కోడిని కొరికి సంపదు. లోపలికి పోయి ఒక్కొక్కటి ఒక్కో పని జేస్తది. ఏం పని జేసిందో మనకు తెల్వకపోతే రేపు పక్క షెడ్డు గూడ గిట్లనే పోతది."

వైరస్ లోపలికి పోయి చేసే ఆ పనే ఆమెకు కావలసింది. మా ల్యాబు రెండు గదులు. కిటికీ పక్కన గాజు సీసాల వరుస ఉండేది. ఎక్కువ సీసాల్లో మందునీళ్లలో తేలుతూ ఒకటే వస్తువు. కోడిపిల్లకు తోక కింద శనగగింజంత తిత్తి ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో బర్సా అంటారు. ఆమె దాన్ని బడి అనేది. కోడి ఒంట్లో రోగాలతో కొట్లాడే సిపాయిలు అక్కడ చదువుకుంటారట. కోడి పెద్దదయ్యాక ఆ బడితో పని ఉండదు, తిత్తి ఎండిపోతుంది. గంబోరో అనే రోగం తెచ్చే వైరస్ నేరుగా ఆ బడి మీదికే పోతుంది. సిపాయిల చదువు పూర్తి కాకముందే చంపుతుంది. కొన్ని పిల్లలు అప్పుడే చస్తాయి. మిగిలినవి పైకి బాగానే తిరుగుతాయి కానీ, ఆ తర్వాత ఏ చిన్న రోగం వచ్చినా ఆగలేవు. టీకా వేసినా సరిగా పట్టదు.

"ఆఖరున వచ్చినోన్నే దొంగ అంటరు" అనేది ఆ సీసాలు చూపించి. "తలుపు తీసినోడు ముందే వచ్చి పోయింటడు. ఆన్ని ఎవ్వరు అడగరు."

కోళ్లను అన్నేళ్లు కోసిన మనిషి కోడి తినదేమో అనుకునేవారు చాలామంది. ఇష్టంగా తినేది. మా అమ్మాయి పెళ్లికి వచ్చి, కాలు ముక్క చివరిదాకా తిని, ఎముకను వెలుతురుకు ఎత్తి పట్టి, రెండు చేతులతో వంచి చూసి, "ఈ కోడికి ఎండ తగలలే" అంది. ఆ కోళ్లు పంపింది మా బావమరిది. పెద్దమందడి దగ్గర ఒక బ్రాయిలర్ షెడ్డులో సూపర్‌వైజర్. పదిమందిలో తన కోడికి వంక పెట్టారని వాడు మూతి ముడుచుకున్నాడు. అప్పటి నుంచి నేను కనిపిస్తే చాలు, "ఏం బావా, మీ మేడం బూట్లు కడుగుడు అయిందా?" అనేవాడు.

బూట్లు కడగడం నిజమే. ఏ షెడ్డుకు పోయి వచ్చినా ఆమె బూట్లను సబ్బుతో తోమి, అడుగున గాడుల్లో ఇరుక్కున్న రెట్టంతా బ్రష్‌తో తీసి, బ్లీచింగ్ నీళ్లలో ముంచాలి. కడిగాక "అడుగు చూపియ్యి" అనేది. తిప్పి చూపించాలి. గంబోరో వైరస్ ఎండకు చావదు, వానకు చావదు, చెప్పుల అడుగున నెలల తరబడి ఉండగలదని ఆమె వంద సార్లు చెప్పింది. నేను వంద సార్లు తలూపాను. కానీ నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ ఊరంతా సర్కారు నౌకరి అని చెప్పుకుంది. ఆడమనిషి బూట్లు కడిగే నౌకరి అని చెప్పలేదు. నేను ఎవరూ చూడని చోటు వెతుక్కుని కడిగేవాణ్ణి.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున పెద్దమందడి షెడ్డు నుంచి కబురు, కోళ్లు చస్తున్నాయని. మా బావమరిది పని చేసే షెడ్డే. మధ్యాహ్నం పాన్‌గల్ పక్కన ఒక ఊళ్లో నాటుకోళ్లకు కొక్కెర తెగులు టీకా చుక్కలు వేసే కార్యక్రమం. షెడ్డులో కాలు పెట్టిన రోజు ఊళ్లో కోళ్ల దగ్గరికి పోవద్దని ఆమె ఫోన్‌లో చాలాసేపు చెప్పింది. పై ఆఫీసు నుంచి పెద్దాయన వస్తున్నాడు, ఫొటోలున్నాయి, తేదీ మారదన్నారు. "సరే. గౌను ఈడనే ఇడుస్త. బూట్లు మంచిగ కడిగి పోదాం" అంది నాతో. షెడ్డులోకి ఆమె ఒక్కతే పోయింది. జీపు, నేను గేటు బయటే ఉన్నాం. ఆమె వచ్చి, గౌను సంచిలో వేసి మూతి కట్టి, బూట్లు విప్పి నా ముందు పెట్టి, జీపులో కూర్చుని కాగితం మీద గీత గీసుకుంది.

నేను బ్రష్ తీశాను. గేటు దగ్గర మా బావమరిది, మా అత్తగారి ఊరివాళ్లు ముగ్గురు నిలబడి ఉన్నారు.

"కడుగు బావా, కడుగు. అడుగు గూడ మంచిగ తోము" అన్నాడు వాడు. మిగతా ముగ్గురూ నవ్వారు.

నేను బూట్ల పైనుంచి రెండు చెంబుల నీళ్లు కుమ్మరించి, బ్రష్‌ను జీపు వెనక పడేశాను.

"అయిందా?" అంది ఆమె, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"అయింది మేడం."

ఆ ఒక్క రోజే అడుగు చూపించమనలేదు. డ్రైవర్ అప్పటికే హారన్ కొడుతున్నాడు.

ఆ ఊళ్లో చుక్కలు వేసే మనిషి మన్నెమ్మ. భర్త పుణెలో మేస్త్రీ పనికి పోయాడు. ఆమె ఇక్కడ కోళ్లు, రెండు మేకలు, కూలి పనితో ఇల్లు నడుపుతోంది. చుక్కలు వేయడం నేర్పి ఆమెను పెట్టింది మేడమే. కారణం చదువు కాదు. ఆ ఊళ్లో ఎవరింట్లో కోడి పొదుగుకొచ్చినా దాని కింద గుడ్లు పెట్టడానికి మన్నెమ్మను పిలిచేవారు. ఆమె చెయ్యి మంచిదని పేరు. గంపలో గడ్డి పరిచి, బేసి లెక్కన గుడ్లు పెట్టి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకు పక్కన పెట్టి, బొట్టు పెట్టించుకుని వచ్చేది. ఆమె పెట్టిన గుడ్లు మురిగిపోవని అందరి నమ్మకం.

"చుక్కలు ఎవరన్నా ఏస్తరు. కోడిని పట్టనియ్యాలె గద. ఈమెకైతే ఊరంత పట్టనిస్తది" అంది మేడం.

ఆ మధ్యాహ్నం నేను బడి వరండాలో ఐసు డబ్బా పక్కన కూర్చుని మందు కలిపి ఇస్తున్నాను. వాళ్లిద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. మేడం కోడిపిల్లను పట్టుకుంటే మన్నెమ్మ దాని కంట్లో ఒక చుక్క వేసేది. మూడు వాడలు అయ్యాయి. అప్పుడు పెద్దాయన వచ్చాడు, మేడంను పంచాయతీ ఆఫీసుకు పిలిపించారు, ఫొటోలు దిగారు. మిగిలిన నాలుగో వాడ మన్నెమ్మ ఒక్కతే తిరిగి పూర్తి చేసింది.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. కోడిపిల్లలు ముడుచుకుని కూర్చుంటున్నాయి, తెల్లగా నీళ్లలా రెట్ట వేస్తున్నాయి, చస్తున్నాయి.

మేము పోయేసరికి చచ్చిన పిల్లలన్నీ మన్నెమ్మ వాకిట్లో కుప్పగా ఉన్నాయి. ఎవరింట్లోవి వాళ్లు తెచ్చి ఆమె గడప ముందు పడేశారు. అందులో ఆమె కోళ్ల పిల్లలూ ఉన్నాయి. ఆమె గడప మీద కూర్చుని ఉంది. కుడి చేతిని కొంగులో చుట్టి దాచుకుంది.

ముందు వరసలో ఒక ముసలవ్వ నిలబడి ఉంది. "మా ఇండ్లల్ల గుడ్లు పెట్టిన చెయ్యే డాక్టరమ్మ ఇది. గీ చెయ్యితోనే సంపింది. ఇగ ఈమె చెయ్యి మా కోళ్ల మీద వడనియ్యం. పొదుగుకు పిలువం, దేనికి గూడ పిలువం."

మన్నెమ్మ ఏడవలేదు. "చుక్క అయితే నేనే ఏసిన. కాదన. నా చెయ్యి గిట్లెందుకైందో నాకు తెల్వది" అంది.

చెయ్యి మంచిది కాదన్న పేరు ఒకసారి పడితే పల్లెలో పోదు. కోడి కింద గుడ్లతో మొదలవుతుంది కానీ అక్కడ ఆగదు. రేపు విత్తనం వేయడానికి పిలవరు, పసిబిడ్డను ఎత్తుకోనివ్వరు. మొగుడు దూరంగా ఉన్న ఆడమనిషి, ఊరు పిలవకపోతే ఎట్లా బతుకుతుంది? అది నాకు తెలుసు, మేడంకు ఇంకా బాగా తెలుసు.

ఆమె ప్లాస్టిక్ పట్టా పరిపించి అక్కడే ఐదు పిల్లల్ని కోసింది. తానాలు నేను చేయించాను. శనగగింజంత ఉండాల్సిన తిత్తి రేగుపండంత ఉబ్బి ఉంది. తొడల మీద రక్తపు గీతలు. ఎడమ పక్క అవి రాసింది. కుడి పక్క గంబోరో అని రాసింది.

"ఇది చుక్కలతోని వచ్చే రోగం కాదు" అంది.

"మరి యాడికెల్లి వచ్చింది?" అంది ముసలవ్వ.

మేడం అడగడం మొదలుపెట్టింది. ఎవరన్నా షెడ్డు కోడిని తెచ్చారా? షెడ్డు బస్తాలు తెచ్చారా? సంత నుంచి కొత్త కోడి వచ్చిందా? చుట్టాలు పంపారా? ఎవరూ తేలేదు. అప్పుడు కాగితం మీద నాలుగు వాడలు గీసుకుని ఇల్లిల్లూ తిరిగింది. గడప బయటే నిలబడి, మీ ఇంట్లో చచ్చాయా, చావలేదా అని ఒకటే ప్రశ్న. ఊరంతా మా వెనకే. నాలుగో వాడ మొదట్లో ఆగిపోయింది. ఆ వాడలో పిల్లలన్నీ పెంటకుప్పల మీద గింజలు ఏరుకుంటున్నాయి. ఒక్కటీ చావలేదు.

"గీ వాడల చుక్కలు ఎవరేసిన్రు?"

"మన్నెమ్మనే" అన్నారు.

"గవే చుక్కలా?" అని నన్ను అడిగింది.

"గవే మేడం. ఒకటే డబ్బా."

"చుక్కలు గవే, చెయ్యి గదే. ఈడ ఒక్కటి గూడ సావలే." తనకు తాను చెప్పుకుంటున్నట్టు, "మూడు వాడలు తిరిగి, ఈ వాడకు రానిది ఎవరు?" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెనక్కి జరిగి డ్రైవర్ చాటున నిలబడ్డాను. ఆమె వంగి తన కాళ్ల వైపు చూసుకుంది. తల ఎత్తి నా వైపు చూసింది. హౌదా అంటుందని ఎదురు చూశాను. అనలేదు. అని ఉంటే అక్కడే ఒప్పుకునేవాణ్ణని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది కుడి పక్క రాయాల్సిన మాట.

ఆమె తిరిగి మన్నెమ్మ వాకిలికి నడిచింది. అందరూ వచ్చేదాకా ఆగింది.

"ఆ దినం పొద్దుగాల నేను రోగమొచ్చిన షెడ్డుల ఉన్న. మధ్యానం మీ ఇండ్లల్లకొచ్చిన. నా బూట్లకు అంటుకోని వచ్చింది రోగం. తెచ్చింది నేను. ఈమె చెయ్యిల ఏం లేదు."

"డాక్టరువై గట్ల తెస్తవా?" అంది ముసలవ్వ.

"తెచ్చిన."

"నీకు తెల్వదా?"

"తెలుసు. తెలిసి గూడ వచ్చిన."

పెద్దాయన పేరు ఎత్తలేదు, ఫొటోల మాట ఎత్తలేదు, నా ఊసు ఎత్తలేదు. ఆ తర్వాత ఆడవాళ్లు ఆమెను అన్న మాటలు ఇక్కడ రాయను. ఆమె కదలకుండా నిలబడి అన్నీ విన్నది. వాళ్లు అలసిపోయాక, చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా ఎట్లా పూడ్చాలో, ఎన్నాళ్లు కొత్త గుడ్లు పెట్టకూడదో చెప్పింది. మేము బయల్దేరుతుంటే చూశాను, మన్నెమ్మ చెయ్యి కొంగులోంచి బయటికి వచ్చి ఉంది.

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సర్కారు మనుషులే రోగం తెచ్చారని ఊళ్లో ఎట్లా చెప్తారు? బూట్లు శుభ్రం చేసే పని ఎవరిది? ఆ పని ఎవరిదో మా ల్యాబు గోడ మీద నా పేరుతో రాసే ఉంది. ఇక నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ఆమె జవాబు రాసి, కవరు నా చేతికే ఇచ్చింది. "అంటిచ్చి పోస్టుల ఏసి రా" అంది. తొవ్వలో తీసి చదివాను.

అదే నిలువు గీత. ఎడమ పక్క: షెడ్డులో గంబోరో. అదే రోజు ఊరికి వెళ్లాను. వెళ్లిన మూడు వాడల్లో పిల్లలు చచ్చాయి. వెళ్లని వాడలో చావలేదు. కుడి పక్క: బూట్లు శుభ్రంగా ఉన్నాయనుకున్నాను. కింద ఒక వరుస: అడుగు తిప్పి చూడలేదు. చూడవలసింది నేను.

నా పేరు ఎక్కడా లేదు. పోస్టాఫీసు ముందు సైకిల్ పట్టుకుని నిలబడి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని కవరు అంటించి డబ్బాలో వేశాను. ల్యాబుకు తిరిగొచ్చి ఆమెకు ఏమైనా చెప్పానా అంటే, చెప్పలేదు. వేశాను మేడం అన్నాను.

ఆ ఏడు ప్రమోషన్ల జాబితాలో ఆమె పేరు రాలేదు. ఆ మాట కూడా మా మధ్య ఎప్పుడూ రాలేదు. మారింది ఒకటే. ఆ తర్వాత మొదటిసారి షెడ్డుకు పోయి వచ్చినప్పుడు నేను బకెట్, బ్రష్ తెచ్చి కూర్చున్నాను. ఆమె నా చేతిలోంచి బ్రష్ తీసుకుంది. తానే కూర్చుని, గాడులన్నీ తోమి, బ్లీచింగ్ నీళ్లలో ముంచి, బూటు తిప్పి అడుగు నా మొహం ముందు పెట్టింది.

"చూడు" అంది.

నేను చూసి, బాగుంది మేడం అంటేనే వేసుకునేది. రిటైరయ్యేదాకా, ఏడేళ్లు, అట్లాగే. పదిమంది ఉన్నా, మా బావమరిది ఉన్నా, అధికారులున్నా తన బూట్లు తాను కడుక్కుని, అడుగు నాకు చూపించేది. కోపంగా కాదు. ఆ ఏడేళ్లలో తిట్టి ఉంటే ఒక్క రోజుతో పోయేది. ఆఖరి రోజు మాత్రం సీసాలన్నీ కిటికీ దగ్గరే వదిలేసి, బ్రష్ ఒకటి సంచిలో వేసుకుని గద్వాల బస్సెక్కింది.

సభకు రెండు రోజుల ముందు, రాసిన కాగితం జేబులో పెట్టుకుని పాన్‌గల్ బస్సెక్కాను. మన్నెమ్మను చూసి చాలా ఏళ్లయింది. కోళ్ల దొడ్డి ముందు చిన్న తడక. తడక ముందు నేలలో పాతిన వెడల్పాటి ప్లాస్టిక్ తట్ట, అందులో బ్లీచింగ్ నీళ్లు, పక్కన బ్రష్.

"కాళ్లు ముంచి రా అన్నా" అంది లోపలి నుంచి.

ముంచి పోయాను. మేడం పోయిందని చెప్పాను. మన్నెమ్మ చేతిలోని గింజల చాట కింద పెట్టి కూలబడింది. "ఆ ఎండకాలం పోయినంక గా ముసలవ్వ కోడే ముందుగాల పొదుగుకొచ్చింది" అంది. "మా గడప కాడికొచ్చి, ఏయ్, గుడ్లు పెట్టనీకి రావా అని తిట్టినట్టు పిలిచింది. పోయి పెట్టిన. అన్ని పిల్లలైనయి. నా చెయ్యి నాకిచ్చి పోయిందన్నా డాక్టరమ్మ."

అప్పుడు కాగితం తీసి చదివాను. ఎడమ పక్క మాత్రమే నిండి ఉంది. కూర్చుని కోళ్లను చూడడం, హౌదా, సీసాలు, పెళ్లిలో ఎముక. చివరన రెండు వరుసలు. 'షెడ్డు గేటు దగ్గర ఆ రోజు బూట్లు కడగనిది నేను. మా బావమరిది చూసి నవ్వాడని సిగ్గుపడి, కడగకుండానే కడిగానని చెప్పాను.'

మన్నెమ్మ చాటలోని గింజలు కోళ్లకు విసురుతూ విన్నది.

"గంతేనా?"

"గంతే."

"నీ సిగ్గుకు నా చెయ్యి పోతుండె" అంది. గొంతు పెంచలేదు. ఆ గొంతు విని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మిగిలిన గింజలు కూడా విసిరి, చాట దులిపింది. "సభల గిది సదువుతవా?"

"సదువుత."

"చివరిది గూడనా?"

"చివరిది గూడ."

"నేనొస్త ఇననీకి."

లేచి తడక దగ్గరికి వచ్చాను. తట్టలో ఒక కాలు ముంచి, రెండోది దాటేయబోయాను.

"అన్నా, ఆగు" అంది వెనక నుంచి. "రెండోది గూడ. అడుగు సూపియ్యి."

తడక పట్టుకుని, ఈ వయసులో ఒంటికాలి మీద నిలబడి, చెప్పు అడుగు ఆమె వైపు తిప్పాను. మన్నెమ్మ వంగి చూసింది.

"జర ఉన్నది ఇంక. తోము."

బ్రష్ తీసుకుని నేల మీద కూర్చున్నాను.